మరిగిన నూనె, ఆయిల్ ఇంజను: మండపేట షెడ్డు డైరీ

జూన్, మొదటి వారం

ముందు పనేంటో చెప్పేస్తాను. బజ్జీల బండ్ల మీదా, హాస్టల్ మెస్సుల్లోనూ మరిగి మరిగి వంటకి పనికిరాకుండా పోయిన నూనె తెచ్చి, దాన్ని బయోడీజిల్ చేసి, మా బావ పొలంలో ఉన్న ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను నడపాలి. వేసవిలో కాలవలు కట్టేశాక డ్రెయిన్లోంచి నీళ్లు తోడేది ఆ ఇంజనే. గంటకి లీటరు పైచిలుకు డీజిల్ తాగుతుంది.

నాది మండపేటలో లేత్ షాపు. రైసు మిల్లులకి షాఫ్టులు, బుష్షులు, పుల్లీలు చేసిస్తాం. బావ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆయనకి స్పానరు పట్టుకోవడం రాదు, నాకు మోల్ అంటే ఏంటో తెలీదు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి పని జరుగుతుందని మా అక్క లెక్క.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్లో ఒక డీజిల్ ఇంజనుని పల్లీ నూనెతో నడిపి చూపించారు. 1937లో బెల్జియంలో ఒక ప్రొఫెసరు పామాయిలుని ఆల్కహాలుతో కలిపి ఎస్టరుగా (ఇప్పుడు బయోడీజిల్ అంటున్నది అలాంటిదే) మార్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కి ఆ ఇంధనంతో బస్సు తిప్పారు. అంతదూరం ఎందుకు, మాకు దగ్గర్లో కాకినాడలోనే 2008లో ఏడాదికి లక్షన్నర టన్నులు చేయగల బయోడీజిల్ ఫ్యాక్టరీ వచ్చింది. మేము చేసేది ఒక విడతకి 40 లీటర్లు.

ఊళ్లో ఈ మాటెత్తితే పెద్దవాళ్లందరికీ అడవి ఆముదమే గుర్తొస్తుంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఆ మొక్కని, అంటే జట్రోఫాని, నెత్తికెత్తుకుంది. 2009 పాలసీలో 2017కల్లా డీజిల్లో 20 శాతం బయోడీజిల్ కలిపేస్తామని రాసుకున్నారు. బంజర్లో నీళ్లు లేకుండా కాస్తుందన్న మొక్క, నీళ్లు లేకపోతే బతికింది గానీ కాయలేదు. "మళ్లీ అదేనా మేస్టారూ?" అని బావని ఇద్దరు ముగ్గురు అడిగారు. కాదండీ, ఈసారి చెట్టూ లేదు, సాగూ లేదు, ఎవరో ఒకరు ఇప్పటికే వాడేసిన నూనె అని చెప్పాడు. సగం మంది నమ్మారు.

జూన్, చివరి వారం

డ్రమ్ము తయారైంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రేకు చుట్టి, అడుగున కోను పెట్టి ఆర్గాన్ వెల్డింగు చేయించాను. కోను ఎందుకంటే, పని అయ్యాక అడుగున దిగే గ్లిజరిన్ చివరి బొట్టు దాకా వాల్వులోంచి దిగిపోవాలి. చదును అడుగు పెడితే మూలల్లో నిలిచిపోతుంది. వాల్వు కూడా స్టీలుదే, సీటు టెఫ్లాన్. షాపులో ఇత్తడి వాల్వు చవగ్గా దొరుకుతుంది గానీ బయోడీజిల్‌కీ రాగి, ఇత్తడి, జింకు పూతకీ పడదు. లోహం కలిసిన కొద్దీ ఇంధనం తొందరగా పాడైపోతుంది. అందుకే జింకు పూసిన జీఐ పైపులు మొత్తం పక్కన పెట్టేశాను.

కలిపే పంకా దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. నూనెని మార్చడానికి పోసే మెథనాల్ అనే ఆల్కహాలు 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మేము పని చేసేది 55 - 60 మధ్య. అంటే ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. మామూలు మోటారు బ్రష్షు దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు ధర వింటే బావ లేచి వెళ్లిపోయాడు. చివరికి మోటారుని గోడ అవతల పెట్టి, షాఫ్టుని గోడలోంచి దూర్చి, మధ్యలో ఆవిరి కారకుండా షాఫ్టు చుట్టూ టెఫ్లాన్ తాడుతో గ్లాండ్ ప్యాకింగు వేశాను. లేత్ షాపు ఉన్నవాడికి ఇది పెద్ద పని కాదు, లేనివాడు మాత్రం పంపుతో తిప్పుకోవడమే మేలు. హీటరు కూడా నూనె వేడెక్కే దాకే. మెథనాల్ పోసే ముందు స్విచ్చి కాదు, ప్లగ్గే పీకేస్తాం.

మెథనాల్ గురించి ఒక మాట. కల్తీసారా తాగి కళ్లు పోయాయని పేపర్లో చదువుతామే, ఆ కళ్లు తీసేది ఇదే. చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. పైగా ఇది అంటుకుంటే పట్టపగలు మంట కంటికి కనిపించదు. వేడి తగిలాక గానీ తెలీదు. షెడ్డులో బీడీ, సెల్లు, అగరబత్తి అన్నీ బంద్. అగరబత్తి దగ్గర మా మేస్త్రీ ఒప్పుకోలేదు. దేవుడి పటాన్ని బయట వేపచెట్టుకి మార్చాం.

జూలై, మొదటి రెండు వారాలు

నూనె వేట. అసలు ప్రాజెక్టు ఇక్కడుందని ఇప్పుడర్థమవుతోంది.

హాస్టల్ మెస్సు నూనె లేత తేనె రంగులో ఉంది. పూరీలు, అప్పడాలు వేయించింది. పెద్దగా మసాలా లేదు, నీళ్లు లేవు. తాపేశ్వరం వైపు కాజా కొట్ల నూనె ఇంకా బాగుంది. చాలామంది పంచదార ఉంటుందనుకుంటారు. కాజాని ముందు నూనెలో వేయించి తర్వాతే పాకంలో వేస్తారు కాబట్టి నూనెలో మైదా నలకలు తప్ప తీపి ఉండదు. మిరపకాయ బజ్జీ బండి నూనెలో శనగపిండి మడ్డి, వాము, తినేసోడా. పాత పంచెలో రెండుసార్లు వడకడితే సరి. చికెన్ పకోడీ బండిది వేరే లోకం. ఎర్రగా, అడుగున కోడి కొవ్వు, అందులో ఉప్పు నీళ్లు. డబ్బా మూత తీస్తే షెడ్డులో కుక్కలు చేరాయి.

మంచి నూనె ఇచ్చేవాళ్లు ఇవ్వడానికి ఇష్టపడలేదు. ఎందుకో బజ్జీల పిన్నిగారు చెప్పారు.

"మీరెంతిస్తారు బాబూ?"

"కేజీకి నలభై అయిదు పిన్నిగారూ."

"మోపెడ్ మీదొచ్చే ఆయన అరవై ఇస్తాడు. డబ్బా కూడా కడిగి తెచ్చిస్తాడు."

"ఆయనేం చేసుకుంటాడండీ దాన్ని?"

"నేనెప్పుడూ అడగలేదు. మీరూ అడక్కండి. ఆయ్."

అడగక్కర్లేదు కూడా. దీపం నూనె అంటారు, సబ్బుల కంపెనీకి అంటారు. కొంత నిజంగానే అక్కడికి వెళ్తుందేమో. కానీ అరవై రూపాయలకి కొన్న నూనెని సబ్బు చేసి లాభం చూడటం కష్టం. అదే కాస్త వడగట్టి కొత్త పామాయిల్లో కలిపితే నూరు దాటిన రేటు పలుకుతుంది. మా పోటీ డీజిల్‌తో కాదు, ఇంకొకరి మూకుడుతో. ఎంత మరిగినా ఆ నూనెకి తిండిగా ఉన్న విలువ ఇంధనంగా ఉన్న విలువ కంటే ఎక్కువే. ఈ ఒక్క ముక్క తేలకుండా ఎన్ని యంత్రాలు బిగించినా దండగే.

రూల్సు లేక కాదు. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (మరిగేకొద్దీ పుట్టే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 'రూకో' అని ఒక పథకం పెట్టింది. వాడిన నూనెని పోగుచేసి బయోడీజిల్‌కి పంపాలని. రోజుకి 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్లు ఎంత కొన్నారు, ఎంత పారేశారు, ఎవరికిచ్చారు అని పుస్తకం రాయాలని 2019 మార్చి నుంచి నిబంధన. పిన్నిగారి మూకుడులో పట్టేది ఐదు లీటర్లు. ఆ పుస్తకానికీ ఆమెకీ సంబంధం లేదు. ఊళ్లో ఇలాంటి మూకుళ్లు ఎన్నో చూడండి. మరిగిన నూనెలో ఎక్కువ భాగం ఏ లెక్కలోకీ రాని చోటే మరుగుతోంది.

చివరికి హాస్టల్ మెస్సుతో మాట కుదిరింది. వాళ్లకి డబ్బుల కంటే రసీదు ముఖ్యం. తనిఖీకి ఎవరైనా వస్తే నూనె ఎవరికిచ్చారో చూపించాలి. బావ చక్కటి దస్తూరీతో రసీదు రాసిచ్చాడు.

జూలై, మూడో వారం

మొదటి విడత. దీన్ని వివరంగా రాస్తున్నాను, చేసేవాళ్లకి పనికొస్తుంది.

నూనె అణువంటే ఒక గ్లిజరిన్, దానికి పట్టుకుని మూడు పొడుగాటి కొవ్వు ఆమ్లాలు. ఈ బరువుకే నూనె చిక్కగా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర డీజిల్ కంటే దాదాపు పదింతల చిక్కదనం. అలాగే ఇంజనులో పోస్తే ఇంజెక్టరు సన్నగా చల్లలేదు, సగం కాలి మసి పేరుతుంది. మెథనాల్ పోసి, కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్, ఎరువుల కొట్లో పొటాష్ కాదు) తోడిచ్చి వేడి చేస్తే ఆ మూడూ గ్లిజరిన్‌ని వదిలి మెథనాల్‌ని పట్టుకుంటాయి. అదే బయోడీజిల్. కాస్త అటూ ఇటూగా, నూరు కేజీల నూనెకి పదకొండు కేజీల మెథనాల్ ఖర్చయి, నూరు కేజీల బయోడీజిల్, పదకొండు కేజీల గ్లిజరిన్ వస్తాయి.

చిక్కంతా మరిగిన నూనెలోనే ఉంది. మరిగేటప్పుడు కొన్ని కొవ్వు ఆమ్లాలు ముందే ఊడిపోయి ఉంటాయి. అవి పొటాష్ కనబడగానే సబ్బయిపోతాయి. ఎన్ని ఊడాయో చూడాలంటే టైట్రేషన్ తప్పదు. పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ఒక్క మిల్లీలీటరు నూనె, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. లీటరు డిస్టిల్డ్ వాటర్లో ఒక గ్రాము పొటాష్ కలిపిన ద్రావణాన్ని బ్యూరెట్లోంచి చుక్కచుక్కగా వదలాలి. గులాబీ రంగు వస్తుంది, గ్లాసు తిప్పగానే పోతుంది. మళ్లీ వస్తుంది, పోతుంది. అర నిమిషం నిలబడే దాకా వదలాలి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే, లీటరు నూనెకి అన్ని గ్రాముల పొటాష్ అదనం. అసలు మోతాదు మా పొటాష్‌కి ఏడు గ్రాములు. మెస్సు నూనెకి రెండు మిల్లీలీటర్లు పట్టింది. అంటే లీటరుకి తొమ్మిది గ్రాములు, 40 లీటర్లకి 360.

పొటాష్ తూచేటప్పుడు వానాకాలం సంగతి గుర్తుంచుకోవాలి. సీసా మూత తీసి ఫోను మాట్లాడొస్తే ఆ బిళ్లలు చెమ్మ పీల్చి ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు తూచే బరువులో నీళ్లెంతో పొటాషెంతో దేవుడికెరుక. బావ దాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి, సీలు వేసి పెట్టాడు. పెళ్లిలో తాంబూలం సంచుల్లాగా వరసగా పేర్చుకున్నాం.

మెథనాల్ మొత్తం 8.8 లీటర్లు. ఒకేసారి పోయలేదు. ఏడు లీటర్లలో పొటాష్‌లో ఎక్కువ భాగం కరగబెట్టి (కలుపుతుంటేనే క్యాను వేడెక్కుతుంది), 58 డిగ్రీల నూనెలో పోసి గంటన్నర తిప్పాం. ఆపేసిన పావుగంటకే అడుగున నల్లటి పొర దిగడం గాజు గొట్టంలో కనిపించింది. దాన్ని దించేసి, మిగిలిన మెథనాల్, మిగిలిన పొటాష్ పోసి మళ్లీ గంట తిప్పాం. ఈ రసాయన చర్య రెండు వైపులా నడిచేది కాబట్టి, మధ్యలో గ్లిజరిన్ తీసేస్తే ముందుకి నడవక తప్పదు. ఇది బావ మాట. నాకు అర్థమైంది ఏంటంటే, రెండు దఫాలు చేస్తే అదే మెథనాల్‌తో సరుకు బాగా వస్తుంది.

సరుకు నిజంగా మారిందా లేదా చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. 27 మిల్లీలీటర్ల మెథనాల్లో మూడు మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి ఊపాలి. బయోడీజిల్ పూర్తిగా కరిగిపోతుంది, మారని నూనె కరగదు. సీసా అడుగున ఒక్క బొట్టు దిగినా పని మిగిలున్నట్టే. మొదటి దఫా తర్వాత చూస్తే చిటికెన వేలి గోరంత బొట్టు దిగింది. రెండో దఫా తర్వాత సీసా తేటగా ఉంది. బావ ఆ సీసాని కిటికీ దగ్గర పెట్టి సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఆగస్టు

కడుగుడు. పైన తేలిన సరుకులో ఇంకా సబ్బు, పొటాష్, మెథనాల్ ఉంటాయి. పైనుంచి సన్నగా నీళ్లు చిలకరిస్తే అవి బయోడీజిల్లోంచి కిందికి దిగుతూ సబ్బుని లాక్కుపోతాయి. మా షెడ్డు బోరు నీళ్లతో మొదలెడితే తెల్లటి తెట్టు కట్టింది. నీళ్లలోని కాల్షియం సబ్బుని పట్టుకుని కరగని మడ్డి చేస్తుంది, బట్టల సబ్బు నురగ రానట్టే. ఆగస్టు కాబట్టి ఉపాయం ఆకాశంలోనే ఉంది. షెడ్డు రేకుల కింద తొట్టి పెట్టి వాన నీళ్లు పట్టాం. మూడో కడుగుడికి నీళ్లు తేటగా దిగాయి.

తర్వాత ఆరబెట్టాలి. ఫ్యాను గాలి కొడితే చాలని చాలామంది చెబుతారు. అది రాయలసీమలో ఏమో గానీ, గోదావరి జిల్లాలో శ్రావణ మాసం గాలికి చెమ్మ పోదు, పడుతుంది. నూరు డిగ్రీలు దాటేదాకా కాచి చల్లార్చాం. సీసా వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి, అప్పుడే ఆరినట్టు. మసగ్గా ఉంటే నీరున్నట్టే.

పరీక్షలకి ఐఎస్ 15607 అని ప్రమాణం ఉంది. సాంద్రత ఘనపు మీటరుకి 860 నుంచి 900 కేజీలు ఉండాలి, మాది 878. చిక్కదనం కాలేజీ ల్యాబులో ఆస్ట్‌వాల్డ్ గొట్టంతో చూస్తే 40 డిగ్రీల దగ్గర 4.6 సెంటీస్టోక్స్ వచ్చింది, 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఫ్లాష్ పాయింటు, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తెలిసినాయన ద్వారా చూపించాం. 101 డిగ్రీలకి తగ్గకూడదు, మాది 140 దాటింది. ఇది ఎందుకు ముఖ్యమంటే, కడుగుడులో మెథనాల్ కాస్త మిగిలినా ఈ అంకె ఢామ్మని పడిపోతుంది. ఎస్టరు 96.5 శాతం ఉందో లేదో చూడాలంటే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కావాలి. అది మా తాహతుకి మించింది.

ఈ నెలలోనే పకోడీ నూనె కూడా ఒక విడత వేశాం. టైట్రేషన్‌కి ఆరు మిల్లీలీటర్లు పట్టింది. పొటాష్ ఆ లెక్కన పెంచి పోస్తే, తిప్పడం మొదలైన ఇరవై నిమిషాలకి మోటారు మూలగడం మొదలెట్టింది. డ్రమ్ములో మొత్తం చిక్కటి జిగురు సబ్బు. కొవ్వులో దాగిన నీరూ, ఊడిన ఆమ్లాలూ కలిసి చేసిన పని అది. గరిటెతో తోడి బయటపెట్టాం. గ్రీజు చేతులకి మాత్రం అంత మంచి సబ్బు నేను చూళ్లేదు.

ఇలాంటి నూనెకి ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక దఫా చేసి, ఊడిన ఆమ్లాల్ని కూడా ఎస్టరు చేసేస్తే దారికొస్తుందని బావ అన్నాడు. నిజమే, పెద్ద ఫ్యాక్టరీలు అదే చేస్తాయి. కొందరు ఎంజైములు కూడా వాడుతున్నారు. నేను ఒప్పుకోలేదు. వేడి సల్ఫ్యూరిక్ ముందు నా 304 స్టీలు ఎన్నాళ్లు నిలబడుతుంది? పకోడీ నూనె మా షెడ్డు సరుకు కాదు. కుక్కలకి నిరాశే.

సెప్టెంబరు

పొలం. ముందు డీజిల్‌తో స్టార్టు చేసి, వేడెక్కాక నూటికి ఇరవై పాళ్లు కలిపిన బీ20కి మారాం. రెండు రోజులు అలా నడిచాక పూర్తి బయోడీజిల్.

శబ్దం మెత్తబడింది. ఇది ఊహ కాదు, పామాయిలు ఎస్టరు డీజిల్ కంటే తొందరగా అంటుకుంటుంది, ఆ గుణాన్ని కొలిచే సీటేన్ అంకె ఎక్కువ. పొగ తగ్గింది, లోడు పడ్డప్పుడు వచ్చే నల్ల పొగైతే బాగా. బజ్జీల వాసన వస్తుందా అని అందరూ అడిగే ప్రశ్న. వస్తుంది, లీలగా. పక్క చేలో రైతు మాత్రం మధ్యాహ్నం పూట ఆ ఇంజను ఆపెయ్యమన్నాడు, ఆకలేస్తోందట.

ఖర్చు చూస్తే, అదే నీళ్లకి దాదాపు పదో వంతు ఎక్కువ తాగింది. బయోడీజిల్లో ప్రాణవాయువు కూడా ఉంటుంది కాబట్టి కేజీకి వచ్చే వేడి డీజిల్ కంటే తక్కువ. 43కి 37, 38 మెగాజౌళ్లు.

నాలుగో రోజు ఇంజను దగ్గి ఆగిపోయింది. బావ మొహం పాలిపోయింది గానీ నేను ఎదురు చూస్తున్నదే. ఏళ్ల తరబడి డీజిల్ ట్యాంకులో పేరుకున్న తుప్పూ మడ్డీ బయోడీజిల్ కడిగి పారేస్తుంది, అదంతా వచ్చి ఫిల్టర్లో ఇరుక్కుంటుంది. ఫిల్టరు మార్చాక మళ్లీ ఆగలేదు. రబ్బరు గొట్టం చూస్తే ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. బయోడీజిల్‌కి ఉబ్బని విటాన్ గొట్టం వేశాను. ఇంకొకటి కంటికి కనపడనిది: పిస్టను పక్కనుంచి క్రాంకుకేసులోకి జారిన డీజిల్ ఇంజను వేడికి ఆవిరై పోతుంది, బయోడీజిల్ పోదు, ఇంజనాయిల్లోనే ఉండి దాన్ని పలచన చేస్తుంది. అందుకే ఆయిలు మార్చే గడువుని సగానికి తగ్గించాను.

ఇంజను పనిచేస్తుందని తెలిశాక కొత్త ట్రాక్టరున్న ఒకాయన క్యాను పట్టుకొచ్చాడు. ఇవ్వలేదు. బంకుల్లో వచ్చే డీజిల్లో ఏడు శాతం దాకా బయోడీజిల్ కలపడానికి ఐఎస్ 1460 ఒప్పుకుంటుంది, ఆ పైన ఇరవై దాకా వేరే ప్రమాణం ఉంది. షెడ్డులో చేసిన నూరు శాతాన్ని, బాగా ఎక్కువ ఒత్తిడితో ఇంధనం చల్లే కామన్‌రైలు ఇంజనులో పోసి ఇంజెక్టర్లు పోతే మాట ఎవరికొస్తుంది? అదీగాక అమ్మాలంటే 2019 నాటి మార్గదర్శకాల ప్రకారం రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు. మాది సొంత వాడకం.

అక్టోబరు

గ్లిజరిన్ డబ్బాలు షెడ్డులో సగం ఆక్రమించాయి. మందుల్లో వాడే గ్లిజరిన్ రంగు లేకుండా తేటగా ఉంటుంది. ఇది నల్లగా, సబ్బుతో, మెథనాల్‌తో కలిసి ఉంటుంది. దేశమంతా బయోడీజిల్ చేసేవాళ్లందరి దగ్గరా ఇదే మిగులు కాబట్టి ఇలాంటి ముడి సరుకుకి రేటు లేదు. పొయ్యిలో వేసి కాలుద్దామని మేస్త్రీ అన్నాడు. వద్దన్నాను. తక్కువ వేడి మీద కాలితే ఎక్రోలిన్ అనే విషవాయువు వస్తుంది, మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండించేది అదే. మెథనాల్ పోగొట్టాక, బావ వాళ్ల గోబర్ గ్యాసు తొట్టిలో పేడ నీళ్లతో కొద్దికొద్దిగా కలిపి చూస్తున్నాం. గ్యాసు పెరిగింది. ఒకేసారి ఎక్కువ పోస్తే తొట్టి పులిసిపోతుంది, అందుకే చెంబు కొలత.

నవంబరు

లెక్కలు. నలభై అయిదు రూపాయల నూనె, మెథనాల్, పొటాష్, కరెంటు కలిపితే లీటరు అరవై అయిదు రూపాయల దాకా పడుతోంది. బంకులో డీజిల్ తొంభై ఏడు. పదో వంతు ఎక్కువ తాగుతుంది కాబట్టి డెబ్బై రెండు అనుకోండి. మా ఇద్దరి కూలి ఇందులో లేదు. మోపెడ్ ఆయన ఇచ్చే అరవై మేమూ ఇస్తే మిగిలేది ఇంకా చిన్నదైపోతుంది.

పెద్ద లెక్క బావ వేశాడు. దేశంలో ఏడాదికి 220 కోట్ల లీటర్ల వాడిన నూనె బయోడీజిల్‌కి పోగుచేయొచ్చని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒకప్పుడు అంచనా వేసింది. మనం ఏడాదికి కాల్చే డీజిల్ సుమారు తొమ్మిది కోట్ల టన్నులు, అంటే పదివేల కోట్ల లీటర్ల పైమాటే. ఒక్క బొట్టు పోకుండా అంతా పట్టినా రెండు శాతం. 2030కి ఐదు శాతం కలపాలని 2018 పాలసీ లక్ష్యం. మిగతాది ఎక్కడినుంచి వస్తుందో నాకైతే కనబడటం లేదు.

ఇప్పుడు ఈ నూనెకి ఇంకో గిరాకీ తోడైంది, విమానాలు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి ఒక శాతం, 2028కి రెండు శాతం సుస్థిర ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. వాడిన వంటనూనె నుంచి ఆ ఇంధనం చేయడానికి ఇండియన్ ఆయిల్ వాళ్ల పానిపట్ రిఫైనరీకి 2025లో అంతర్జాతీయ ధ్రువీకరణ కూడా వచ్చింది. నా వోటు వాళ్లకే. ఆయిల్ ఇంజను స్థానంలో సోలారు మోటారు పెట్టుకోవచ్చు, విమానానికి అది కుదరదు. కాకపోతే వాళ్లకీ పిన్నిగారి మూకుడు దాకా చేరే దారి కావాలి, అరవై పైన ఇవ్వగలిగే చెయ్యి కావాలి.

పచ్చ ఇంధనం అని పొంగిపోయేవాళ్ల కోసం ఇంకోటి. మెథనాల్ మన దేశానికి ఎక్కువగా గల్ఫ్ నుంచి ఓడల్లో వస్తుంది, సహజవాయువుతో చేసింది. బయోడీజిల్ అణువులో సుమారుగా ఉండే పద్దెనిమిది, పందొమ్మిది కార్బన్లలో ఒకటి ఆ మెథనాల్‌దే. కాబట్టి మాది నూటికి తొంభై అయిదు పాళ్లు పచ్చ.

డిసెంబరు

కాలేజీ వాళ్లతో లంబసింగి వెళ్తూ బావ ఒక సీసా బయోడీజిల్ పట్టుకెళ్లాడు. పొద్దున్నే ఫోటో పంపాడు: సీసాలో తెల్లగా గడ్డ. తిరగేసినా కారడం లేదు. పామాయిల్లో సంతృప్త కొవ్వు ఎక్కువ, దాని ఎస్టరు పది పదిహేను డిగ్రీల మధ్యే మబ్బు పట్టేస్తుంది. మండపేటలో తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. చలి ప్రాంతాల వాళ్లు ఇరవై పాళ్లకి మించకుండా డీజిల్లో కలుపుకోవడమే దారి. అయినా ముందుజాగ్రత్తగా నేను కూడా సంక్రాంతి వెళ్లేదాకా బీ20కి మారిపోయాను.

జనవరి, మొదటి వారం

ఇప్పుడు చేతిలో ఉన్న పని మెథనాల్ తిరిగి పట్టడం. మేము పోసేదాంట్లో సగానికి దగ్గరగా ఖర్చు కాకుండా మిగులుతుంది, చాలామటుకు గ్లిజరిన్‌తో దిగిపోతుంది. గ్లిజరిన్ని మూసిన పాత్రలో కాచి, ఆవిరిని స్టీలు గొట్టం చుట్టలోంచి చల్లనీళ్ల తొట్టిలో దూర్చి పట్టుకోవాలి. చుట్ట వంచడం అయిపోయింది. సేఫ్టీ వాల్వు వచ్చేదాకా మంట కాదు గదా, హీటరు కూడా పెట్టను.

మెస్సు సెలవులకి మూశారు, నూనె లేదు. పండక్కి ఇంటింటా అరిసెలు, జంతికలు, పోకుండలు కదా, ఒక్కసారి మరిగిన మంచి నూనె వీధంతా ఉంటుందని మా అక్కని అడిగాను, నలుగురికీ చెప్పి పోగుచేయించమని.

"ఒక్క వాయి వేసిన నూనె నీ ఇంజనులో పోస్తానట్రా? ఉగాది దాకా పోపులకొస్తుంది," అంది.

ఇరవయ్యో తారీకున మెస్సు తెరుస్తారు. ఈలోగా షాఫ్టు గ్లాండ్ ప్యాకింగు మార్చేస్తాను, కొంచెం కారుతోంది.